బొంత ఎవరి కోసం తిరిగింది

జూలో ఎలుగుబంటి తిండి మానేసి తిరుగుతోందంటే ఆ రోజు పెద్దకోడలికి సెలవన్నమాట. అక్కడి పనివాళ్ళందరూ ఈ మాట చెప్పుకుని నవ్వుకునేవారు. చెవిన పడ్డప్పుడల్లా పెద్దకోడలు "చాల్లెండి సంబడం" అని పైకి విసుక్కునేది. లోపల మాత్రం ప్రాణానికి వెన్న రాసినట్టుండేది.

పెద్దకోడలు అనేది ఆమెకు జూలో పడిన పేరు. ఆమె అత్తగారు ఒకప్పుడు అక్కడే జంతువుల వంటగదిలో పళ్ళూ దుంపలూ తరిగే పని చేసేది. రిటైరయ్యే ముందు ఈమెను వెంటబెట్టుకొచ్చి, "ఇదిగో, మా పెద్దకోడలు. నోరు కాస్త పెద్దదే గానీ చెయ్యి మంచిది" అని అందరికీ చూపించింది. ఇక అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆమె కొన్నాళ్ళు జింకల దగ్గర, కొన్నాళ్ళు పక్షుల దగ్గర చేసి, చివరికి ఎలుగుబంటి కీపరుగా కుదురుకుంది.

ఆ ఎలుగుబంటి ఇంకేదో ఊళ్ళో మూతపడ్డ జూ నుంచి వచ్చింది. వచ్చినప్పుడు దాని బొచ్చు దారాలు ఊడిపోయిన పాత బొంతలా వేలాడుతుండేది. "ఇది ఎలుగుబంటా, ఎవరైనా ఆరేసిన బొంతా?" అని పెద్దకోడలు అన్న మాటే దానికి పేరైపోయింది.

రోజూ పొద్దున్నే పెద్దకోడలు లోపలి దారిలోంచి వచ్చి ఇనపతలుపు తీసేసరికి, బొంత ఆ తలుపు ముందు తిరుగుతూ ఉండేది. ఈ గోడ నుంచి ఆ గోడకు, ఆ గోడ నుంచి ఈ గోడకు. మలుపు తిరిగేచోట తల ఒక్క విసురు విసిరేది. తలుపు ముందున్న సిమెంటు గట్టు దాటి రెండువైపులా నేల అరిగి, గడ్డి చచ్చి, కాలిబాట పడిపోయింది. చూడవచ్చినవాళ్ళు "డాన్సు చేస్తోందిరోయ్!" అని ఫోన్లు తీసేవారు. పెద్దకోడలు ఊరుకునేది కాదు. "డాన్సు కాదు, నాకోసం ఎదురుచూస్తోంది" అని సరిదిద్దేది.

నిజానికి ఆమె కోసం అంతలా ఎదురుచూసేవాళ్ళు ఇంకెవరూ లేరు. మొగుడు టైలరు. కుట్టుమిషన్ మీద వంచిన తల వంచినట్టే ఉండేది. ఆమె గుమ్మంలోకి వచ్చినా, గాలికి తలుపు కొట్టుకున్నా ఆయనకు ఒకటే. కొడుకు ఫోనులోంచి తల ఎత్తడు. అందుకే రాత్రి భోజనాల దగ్గర ఆమె బొంత కబుర్లు ఎత్తుకునేది. కింది వాటాలో ఆమె సంసారం, పై వాటాలో మరిది సంసారం. భోజనాలు మాత్రం అందరికీ కిందే. "నిన్నంతా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదట. నన్ను చూడగానే ఎంత ఆత్రం అనుకున్నారు!" అని ఆమె చెబుతుంటే అత్తగారు ముద్ద చేతిలో పట్టుకుని నోరు తెరుచుకుని వినేది. ఆ ఇంట్లో ఆ కాసేపూ ఆమెదే రాజ్యం.

అలాంటి రాజ్యంలోకి తోడికోడల్ని తన చేత్తోనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

చిన్నకోడలు అంతకు ముందు చంటిపిల్లల్ని చూసుకునే బడిలో ఆయాగా ఉండేది. ఆ బడి మూతపడింది. ఇంట్లో దిగాలుగా కూర్చుంటే పెద్దకోడలే జాలిపడింది. "మా వంటగదిలో ఒకరు కావాలంటున్నారు, నేను మాట్లాడతాలే" అంది. మాట్లాడింది, చేర్పించింది. చేరిన మొదటిరోజున ఎవరో "పెద్దకోడలొచ్చె, చిన్నకోడలొచ్చె, ఇక అత్తగారొక్కరే తక్కువ!" అంటే తనే అందరికంటే గట్టిగా నవ్వింది. కొరివితో తల గోక్కున్నానని అప్పుడామెకు తెలియదు.

వంటగదిలో చిన్నకోడలు ఊరికే ఉండేది కాదు. కోతులకు అరటిపళ్ళు తొక్కతీసి ఎందుకు పెట్టాలి, వాటికి చేతులు లేవా అని అడిగేది. ఒకరోజు ఆ పళ్ళను పాత గోనెసంచిలో ముడివేసి ఇచ్చి చూసింది. కోతులన్నీ పొద్దుపోయేదాకా ఆ ముడి చుట్టూ చేరి ఒకటే గోల. అది జూ డాక్టరుగారి కంట్లో పడింది. ఆయన ఆమెను కొన్నాళ్ళు శిక్షణకు పంపించి, తిరిగొచ్చాక కొత్త పని అప్పజెప్పారు. జంతువులకు రోజూ ఏదో ఒక వ్యాపకం కల్పించడమే ఆ పని. తిండి వెతుక్కునేలా, బుర్ర పెట్టేలా, ఒళ్ళు వంచేలా చేయాలి. మొదట ఎవరి దగ్గర మొదలుపెట్టాలన్న మాట వచ్చినప్పుడు డాక్టరుగారు నేరుగా బొంత ఆవరణ దగ్గరికి వచ్చారు.

"దాని తిరుగుడు చూశారా అమ్మా?" అన్నారు పెద్దకోడలితో.

"రోజూ చూస్తున్నదేగా డాక్టరుగారూ. నేనంటే దానికి అంత ప్రాణం."

"ప్రాణం ఉంటే ఉండొచ్చు. కానీ ఈ తిరుగుడు ప్రేమ కాదమ్మా. ఏమీ తోచక."

"దానికి ఏం తక్కువ చేశానండీ?" ఆమె గొంతు లేచింది. "వేళకు తిండి, వేళకు నీళ్ళు, అద్దంలా కడిగిన నేల."

"మీరు ఏమీ తక్కువ చేయలేదు. అడవిలో అయితే పుట్టలు తవ్వి, చెట్లెక్కి, రోజంతా వెతుక్కుని తింటుంది. మనం పళ్ళెంలో పెట్టి ఇస్తే చిటికెలో అయిపోతుంది. మిగిలిన రోజంతా ఏం చేస్తుంది చెప్పండి, పాపం?"

పక్కన చిన్నకోడలు నిలబడి ఉంది. ఆమె నవ్వలేదు. అయినా పెద్దకోడలికి నవ్వినట్టే అనిపించింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఊరికే అనలేదు పెద్దలు. డాక్టరుగారి మాట ఒక చెవినుంచి దూరి ఇంకో చెవినుంచి పోయేదే. అది తోడికోడలి ఎదుట అనడంతో గుండెలో ముల్లులా దిగబడింది.

మరునాటి నుంచి బొంత ఆవరణ రూపు మారిపోయింది. ఎండు మొద్దుకు బెజ్జాలు పొడిచి వాటిలో తేనె పోశారు. గుంట తవ్వి, మెత్తని మట్టి, కంకర కలిపి నింపి అందులో దుంపలు పాతిపెట్టారు. ఎండాకుల కుప్పలో వేరుశనగలు చల్లారు. వాసన చూసుకోవడానికి ఒకరోజు జింకల కింద పరిచిన గడ్డి తెచ్చి మూలన వేసేవారు, ఇంకోరోజు పుదీనా నలిపిన గుడ్డను కొమ్మకు కట్టేవారు. మొదట బొంత వాటన్నిటినీ చూసి బెదిరిపోయింది. ఇనపతలుపు దగ్గరకు పరిగెత్తుకొచ్చి పెద్దకోడలి వైపు మూతి పెట్టింది. "చూశావా, దానికి ఇవన్నీ గిట్టవు" అంది పెద్దకోడలు. "అవునక్కా, కొత్త కదా" అంది చిన్నకోడలు.

ఆ కొత్త ఎంతోకాలం నిలవలేదు. ఒకరోజు బొంత మొద్దు బెజ్జంలో మూతి దూర్చి గాలి పీల్చింది. పాత పంపు నీళ్ళు తోడుతున్నట్టు పెద్ద చప్పుడు! తేనె రుచి తెలిశాక దాన్ని ఎవరాపగలరు? మొద్దును దొర్లించింది, కౌగిలించుకుంది, వెల్లకిలా పడుకుని నాలుగు కాళ్ళతో పైకెత్తింది. గుంటను తవ్వి తవ్వి ఒళ్ళంతా మట్టి చేసుకుంది. అలసిపోయి ఎండాకుల మీద గుర్రుపెట్టి నిద్రపోయింది. తలుపు ముందు తిరగడానికి దానికి తీరిక లేకుండాపోయింది.

కొన్ని వారాలకు ఆ అరిగిన బాట మీద లేత గడ్డి మొలిచింది. డాక్టరుగారు దాన్ని ఫొటో తీసుకుని మురిసిపోయారు. పెద్దకోడలు మర్నాడు ఆవరణ కడిగేటప్పుడు, ఎవరూ చూడకుండా చెప్పు మడమతో ఆ గడ్డిని రాచేసింది. ఎందుకు రాచిందో ఆమెకే తెలియదు. రాచాక కడుపులో మంట కాస్త చల్లారినట్టనిపించింది, అంతే. గడ్డి మళ్ళీ మొలిచింది. మంట కూడా.

ఇంట్లో ఇంకో మంట. భోజనాల దగ్గర ఆమె ఎప్పటిలా, "ఇవాళ బొంత..." అని ఎత్తుకోగానే అత్తగారు, "ఉండు, చిన్నదాన్ని చెప్పనీ. ఏమే, ఇవాళ దానికి ఏం ఆట పెట్టావు?" అని అటు తిరిగేది. చిన్నకోడలు చేతులు తిప్పుతూ, ఎలుగుబంటిలా మూతి ముందుకు పెట్టి గాలి పీల్చి చూపిస్తే ఇల్లంతా నవ్వులే. ఎన్నడూ తల ఎత్తని కొడుకు ఫోను పక్కనపెట్టి, "పిన్నీ, ఇంకోసారి చెయ్యి" అన్నాడు. టైలరు మొగుడికి నవ్వి నవ్వి పొలమారింది. పెద్దకోడలు ఆయన నెత్తిన ఒక్కటి చరిచి నీళ్ళగ్లాసు ముందు పెట్టింది. కాస్త గట్టిగానే చరిచింది.

"నన్నెందుకు కొడతావే?" అన్నాడాయన ఏమీ తెలియక.

"పొలమారితే కొట్టరా మరి?" అంది.

ఆ మధ్య దూరపు చుట్టాలింట్లో పెళ్ళికి వెళ్ళవలసి వచ్చి ఆమె సెలవు పెట్టింది. పెళ్ళిలో ఉన్నా మనసంతా జూలోనే ఉంది. ఈ ఆటలూ పాటలూ తను ఎదురుగా ఉన్నంతసేపేనని, తను కనబడకపోతే బొంత బెంగపడి మళ్ళీ తలుపు దగ్గరికే చేరుతుందని ఆమె ఆశ. ఆశే అనాలి, ఇంకో మాట లేదు. తిరిగొచ్చిన రోజు యూనిఫాం బొత్తాలు కూడా సరిగ్గా పెట్టుకోకుండా వచ్చి, పక్క ఆవరణలో కోతుల్ని చూసే ముసలి కీపర్ని అడిగింది.

"ఎలా ఉంది మా బొంత? తిందా?"

"దానికేం తల్లీ! దివ్యంగా ఉంది. పెట్టినదంతా ఊడ్చేసింది. నువ్వు లేవన్న సంగతే మాకు గుర్తులేదనుకో" అన్నాడాయన మంచిమాట చెబుతున్నాననుకుని.

ఆమె లోపలికెళ్ళింది. బొంత గుంటలో నడుము దాకా దిగి తవ్వుతోంది. "బొంతా!" అని పిలిచింది. ఒక చెవి కదిలింది. "ఏయ్ బొంతా, నేనే!" మళ్ళీ పిలిచింది. ఈసారి చెవి కూడా కదల్లేదు. దుంప దొరికినట్టుంది, పంటికింద కరకరమని చప్పుడైంది.

ఇన్నాళ్ళూ తను సెలవులో ఉంటే ఆ మూగజీవి పస్తుండి తిరిగిందని విని మురిసిపోయింది. ఇవాళ అది కడుపునిండా తిని, హాయిగా ఆడుకుందని విని కుళ్ళిపోతోంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఆమెకు అప్పుడే సిగ్గేసేది. కానీ కళ్ళలో నిప్పులు పోసుకున్న మనిషికి పక్కనున్నది కనబడదు.

మర్నాడు వస్తూ వస్తూ దారిలో దుకాణంలో ఖర్జూరాలు కొంది. జూలో ఎలుగుబంటికి ఖర్జూరాలు పెట్టరు. చిన్నకోడలు రాకముందే, ఇనపతలుపుకు చెయ్యిపట్టేంత ఉన్న కన్నంలోంచి ఒకటి అందించింది. బొంత గుంట వదిలేసి వచ్చింది. పెదాలు సాచి ఎంతో సుతారంగా అందుకుంది. ఆ తడి మూతి అరచేతికి తగిలేసరికి ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. "మర్చిపోలేదు కదమ్మా నన్ను" అంది.

ఒక్కటే అనుకున్నది గుప్పెడైంది. గుప్పెడు అనుకున్నది సంచి అయింది. పొద్దున ఇచ్చేది మధ్యాహ్నమూ ఇచ్చింది. కొద్దిరోజుల్లోనే బొంతకు లెక్క తెలిసిపోయింది. తలుపు దగ్గరుంటే తీపి దొరుకుతుంది. అలాంటప్పుడు ఒళ్ళు అలిసేలా తవ్వుకోవడం దేనికి? మొద్దులో తేనెకు చీమలు పట్టాయి. పాతిన దుంపలు మొలకెత్తాయి. బొంత మళ్ళీ ఈ గోడ నుంచి ఆ గోడకు తిరగడం మొదలుపెట్టింది. ఇదివరకు పొద్దున పూటే ఎక్కువగా తిరిగేది. ఇప్పుడు ఖర్జూరం ఏ క్షణాన వస్తుందో తెలియక పొద్దంతా తిరిగేది. లేత గడ్డి నలిగి చచ్చిపోయింది. ఈసారి దాన్ని ఎవరూ రాచనక్కర్లేకపోయింది.

చిన్నకోడలికి పాలుపోలేదు. మొద్దు మార్చింది. గుడ్డకు కొత్త వాసన పూసింది. పళ్ళ ముక్కలను మంచుగడ్డలో పెట్టి ఇచ్చింది. ఏదీ అది ముట్టదు. ఇంట్లో భోజనాల దగ్గర ఆమె నోరు మూతపడింది.

"బాధపడకే. దాని స్వభావమే అంత. నాకు తెలియదా?" అని పెద్దకోడలు ఆమె భుజం మీద చెయ్యి వేసి ఓదార్చింది. ఆ ఓదార్పు తేనెపూసిన కత్తి అని ఆమె చేతికి తెలుసు. భుజం మీద నిలవలేక చప్పున వెనక్కి వచ్చేసింది.

అలా ఉండగా బొంత కుంటడం మొదలుపెట్టింది. సిమెంటు గట్టు మీద ఆగకుండా తిరిగి తిరిగి అరికాళ్ళు ఒరుసుకుపోయి పచ్చిపుళ్ళయ్యాయి. డాక్టరుగారు మందు రాసి, కారణం కోసం ఆవరణంతా వెతికారు. గుంటలోని కంకర గుచ్చుకుందేమోనన్న అనుమానం వచ్చింది. "పుళ్ళు మానేదాకా ఇవన్నీ తీసేద్దాం. మళ్ళీ పెట్టాలా వద్దా అన్నది ఆ తర్వాత చూద్దాం" అని చిన్నకోడలితో అన్నారు. మందలించలేదు. కానీ అంతదాకా ఆమెను వంటగదికి తిరిగి పంపేశారు. మొద్దు పోయింది, గుంట పూడ్చేశారు, గుడ్డలు విప్పేశారు. ఆవరణ ఎప్పటిలా బోసిగా, అద్దంలా మిగిలింది.

ఆ రాత్రి చిన్నకోడలు భోజనానికి కిందికి దిగలేదు. తలనొప్పి అని మరిది చెప్పాడు. పెద్దకోడలు విస్తరిముందు గెలిచినదానిలా కూర్చుని, "ఇవాళ బొంత నన్ను చూసి..." అని మొదలుపెట్టింది. ఎవరూ అడ్డు రాలేదు. కానీ ఎవరూ విననూ లేదు. కొడుకు ఫోనులోకి దిగిపోయాడు. అత్తగారు మాత్రం, "పాపం, దాని కాళ్ళు ఎలా ఉన్నాయే?" అని అడిగింది. దొంగకు తేలు కుట్టినట్టయింది పెద్దకోడలికి. "మానిపోతాయి" అని ముద్ద మింగింది.

పొద్దున్నే జూకు వెళ్ళింది. బొంత తిరుగుతోంది. ఒక్కో అడుగూ కాలు నేల మీద మోపలేక మోపుతూ తిరుగుతోంది. "ఆగవే, నేనొచ్చాగా" అని ఖర్జూరం చూపించింది. వచ్చింది, అందుకుంది, నములుతూనే వెనక్కి తిరిగి మళ్ళీ నడక అందుకుంది. ఇంకోటి ఇచ్చింది. మళ్ళీ అంతే. సంచి ఖాళీ అయింది. అయినా నడక ఆగలేదు.

ఆమె ఆ రోజు మిగతా పనులన్నీ పక్కన పెట్టి కన్నం ముందు నేలమీద చతికిలబడింది. ఎక్కడికీ కదల్లేదు. "ఇక్కడే ఉన్నాను చూడు, ఎక్కడికీ పోను" అని చెప్పింది. పాట పాడినట్టు పేరు పెట్టి పిలిచింది. బొంత ఆ చివరికి వెళ్ళి తల విసిరి, ఈ చివరికి వచ్చి తల విసిరి, మళ్ళీ ఆ చివరికి. ఎదురుగా వచ్చిన ప్రతిసారీ దాని కళ్ళు ఆమె ముఖం మీదుగా జారిపోతున్నాయి. గోడ మీదుగా జారినట్టే, తలుపు మీదుగా జారినట్టే. ఆ కళ్ళలో ఎదురుచూపు లేదు. అసలు చూపే లేదు.

తను ఇక్కడే ఉంది. అయినా అది తిరుగుతోంది. అయితే ఇన్నేళ్ళూ అది ఎవరి కోసం తిరిగినట్టు?

ఎవరి కోసమూ కాదు. ఆ సంగతి డాక్టరుగారు ఎప్పుడో చెప్పారు. తోడికోడలి ముందు చెప్పారని రోషపడిందే గానీ, చెప్పిందేమిటో ఆమె వినలేదు. సిమెంటు మీద పడ్డ ఎర్రటి మరకను చూస్తూ ఆమె నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. బొంత తిరుగుతూనే ఉంది.

వంటగదిలో చిన్నకోడలు గుమ్మడికాయ తరుగుతోంది. పెద్దకోడలు వచ్చి ఎదురుగా నిలబడింది. కత్తి వంక చూస్తూ మొదలుపెట్టింది.

"కంకర వల్ల కాదే. నేను... దానికి నేను దొంగచాటుగా..."

"ఖర్జూరాలు పెట్టావు" అంది చిన్నకోడలు తల ఎత్తకుండా. "తెలుసక్కా."

పెద్దకోడలు కత్తి మీంచి చూపు తిప్పింది. "ఎలా తెలుసు?"

"తిండి ఎందుకు ముట్టడంలేదో తెలియక దాని పెంట కెలికి చూశాను. నిండా గింజలే. ఇక్కడ ఖర్జూరాలు ఎవరు తెస్తారు? నీ సంచి మన ఇంట్లో మేకుకే కదా తగిలించి ఉంటుంది."

"తెలిసీ ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను." ఈసారి తల ఎత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఈ ఉద్యోగం నువ్వు ఇప్పించావు. చెబితే ఇంట్లో గొడవ, ఒకే పంక్తిలో కూర్చుని అన్నం తినాలి. నువ్వే మానేస్తావులే అనుకున్నాను. దాని కాళ్ళు ఇలా అవుతాయని నాకు తట్టలేదక్కా. ఇంట్లో గొడవకు భయపడి దాన్ని పాడుచేశాను. తప్పు నీ ఒక్కదానిదే కాదు."

అది విని పెద్దకోడలి మనసు కరిగిపోయి ఉంటే ఎంతో బాగుండేది. కరగలేదు. ఏడుపు మధ్యలోనే లోపల ఎక్కడో చురుక్కుమంది. తప్పు తను చేస్తే, అందులోనూ ఈమె సగం మీద వేసుకుంటోంది! మంచితనంలో కూడా తనకంటే ముందే ఉంది! తిట్టి ఉంటే, గిన్నె విసిరి ఉంటే, చెల్లుకు చెల్లు అయ్యేది.

"డాక్టరుగారికి చెప్పేయ్" అంది చివరికి.

"నేను చెప్పను. నేను చెబితే చాడీ అవుతుంది. నువ్వే చెప్పుకో" అని చిన్నకోడలు మళ్ళీ కత్తి అందుకుంది. కాస్త కఠినంగానే అంది. ఆ కాస్త కాఠిన్యమే పెద్దకోడలికి ఊరట అయింది.

ఆమె వెళ్ళి చెప్పింది. డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఎందుకు చేశారో నేను అడగనమ్మా. కానీ ఇక మిమ్మల్ని అక్కడ ఉంచలేను" అన్నారు. బొంతను చిన్నకోడలికి అప్పజెప్పారు. పెద్దకోడల్ని చివరి వరసలో, చూసేవాళ్ళెవరూ రాని ముళ్ళపందుల దగ్గరికి మార్చారు.

ఇంట్లో సంగతి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. అత్తగారు ఎప్పటిలాగే కూర వడ్డించింది. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. టైలరు మొగుడు మాత్రం రెండ్రోజులు తటపటాయించి, దారం కొరుకుతూ, "ఇన్నేళ్ళ కాపురంలో నాకు ఒక్క ఖర్జూరం తెచ్చావటే?" అని అడిగాడు. ఆమెకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రెండూ అయ్యాయి.

బొంత కాళ్ళు నెమ్మదిగా మానాయి. మొద్దు తిరిగొచ్చింది, గుంట తిరిగొచ్చింది. అరిగిన బాట పూర్తిగా పోవడానికి చాలాకాలం పట్టింది. మధ్యలో ఎప్పుడైనా ఉరిమితేనో, జనం ఎక్కువైతేనో బొంత మళ్ళీ తిరిగేది. పెద్దకోడలు ఆ వైపు వెళ్ళేది కాదు. గాలి అటునుంచి వీస్తే పిల్లల కేరింతలు వినబడేవి. అవి వినబడ్డప్పుడల్లా ముళ్ళపందుల ఆవరణను రెండోసారి కడిగేది.

ముళ్ళపందులు పగలంతా మూలకు చేరి, ముళ్ళు ముడుచుకుని, బోర్లించిన చీపుళ్ళలా పడుకునేవి. ఆమెను చూసి అవి లేవవు. పేరు పెడితే పలకవు. "మీకూ నాకూ సరిపోయింది. నన్ను చూసి మీరు మురిసేది లేదు, మిమ్మల్ని చూసి నేను మురిసేది లేదు" అనేది వాటితో.

ఒకరోజు వాటిలో పెద్దది తలుపు కమ్మీని పళ్ళతో గీరుతూ కనిపించింది. ఒకటే గీకుడు, ఆగకుండా, అదే చోట. పెద్దకోడలు చీపురు పట్టుకుని నిలబడిపోయింది. ఇలాంటిదాన్ని చూసి, ఇది నాకోసమే అనుకోవడం ఎంత తేలికో ఆమెకు తెలుసు. ఈసారి అలా అనుకోలేదు.

"ఏం తోచడంలేదా?" అని అడిగింది.

ఆ సాయంత్రమే వంటగదికి వెళ్ళి పీచు తీయని కొబ్బరికాయ ఒకటి పట్టుకొచ్చింది. అది పళ్ళకు బాగానే పని చెప్పింది గానీ దొర్లి దొర్లి గోడవారకు చేరేది. గొలుసుకు గుచ్చి వేలాడదీసింది. అందలేదు. గొలుసు కాస్త దించింది. అప్పుడు పెద్దది వెనక కాళ్ళ మీద లేచి నిలబడింది. కాయ ఊగి చిన్నదాని ముక్కుకు తగిలింది. చిన్నది కోపంతో ముళ్ళన్నీ విప్పి గలగలమని మోగించింది. దానికి మిగతావన్నీ జవాబు చెప్పాయి. ఆవరణంతా ఒక్కసారిగా గజ్జెలు కట్టుకున్నట్టయింది. అటుగా పోతున్న ఎవరో ఆగారు. వాళ్ళను చూసి ఇంకెవరో ఆగారు. కొద్దిరోజులు పోయేసరికి ఆ దిక్కుమాలిన చివరి వరసలో మూణ్ణాలుగు వరసల జనం.

ఇదంతా ముళ్ళపందుల మీద ప్రేమతోనే చేసిందా అంటే, అబద్ధం ఎందుకు, సగం ప్రేమ. మిగతా సగం అటువైపు వినబడే కేరింతల మీద కసి. ఆ కసితోనే వెదురుబొంగుల్లో దుంపలు కూరింది, మట్టికుండలు బోర్లించి కింద మొక్కజొన్నలు దాచింది. పొద్దున లేస్తూనే ఇవాళ కొత్తగా ఏం పెట్టాలా అన్న ఆలోచనే. అంతకుముందు పొద్దున లేస్తూనే ఎవరు నన్ను తలచుకుంటున్నారా అన్న ఆలోచన ఉండేది.

ఒక మధ్యాహ్నం జనంలోంచి తోసుకుంటూ చిన్నకోడలు వచ్చింది. చేతులకు తేనె, మోచేతులకు మట్టి. గొలుసుకు వేలాడే కాయనూ, లేచి నిలబడ్డ ముళ్ళపందినీ, గలగలలు విని గంతులేస్తున్న పిల్లల్నీ మార్చి మార్చి చూసింది.

"గొలుసుకు కట్టాలని నీకెలా తట్టిందక్కా?"

"ఏమో. తట్టింది."

"నేను బొంతకు ఎన్నో చేశాను గానీ, ఇలా ఊగేది... నాకు రానేలేదు." ఆ మాట అంటూ పెదవి కొసను పళ్ళ కింద నొక్కిపట్టింది. క్షణమే. వెంటనే నవ్వేసింది.

కానీ ఆ క్షణాన్ని పెద్దకోడలు పట్టేసింది. ఆ పెదవి కొరుకుడు ఏమిటో, లోపల ఎక్కడ చురుక్కుమంటే అది పైకి వస్తుందో లోకంలో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. దేవతలా కనిపించిన తోడికోడలు ఆ క్షణంలో అచ్చం తనలాంటి మనిషైపోయింది. ఎన్ని నెలల తర్వాతో పెద్దకోడలికి ఆమె మీద నిజంగా ప్రేమ పుట్టుకొచ్చింది.

"పోనీ బొంతకు కూడా ఒకటి కడదామా?" అంది. "అది బరువుది, ఈ సన్న గొలుసు చాలదు. తాడు మందంగా ఉండాలి."

"కడదాం. నువ్వు రావాలి మరి."

పెద్దకోడలు చీపురు గోడకు ఆనించింది. "పద. కానీ ఇవాళ భోజనాల దగ్గర ముళ్ళపంది కబురు నేనే చెబుతాను. నువ్వు నోరెత్తావో, చూడు!"

"నేనెందుకు ఎత్తుతానక్కా" అంది చిన్నకోడలు. అలా అంటూనే ముళ్ళపంది ఎలా లేచి నిలబడిందో ఒకసారి ఒళ్ళు విరిచి అనుకరించి చూసుకుంది. పెద్దకోడలు ఆమె నెత్తిన ఒక్కటి చరిచింది.